అమ్మ వాడని మందుకి రెసిస్టెన్స్ ఎలా వచ్చింది: క్రిముల చేబదులు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. అమ్మగారికి 68 ఏళ్లు, సూళ్లూరుపేట నుంచి చెన్నై తీసుకొచ్చి చూపిస్తున్నారు. యూరిన్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. రిపోర్టులో దాదాపు ప్రతి మందు ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకి క్రిమి లొంగదు) అని ఉంది, కింద ఎన్‌డీఎం అని రాశారు. ఆ ‘ఆర్’ల్లో ఒకటైన మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఆవిడ జన్మలో చేయించుకోలేదు. పోయిన ఏడాది రెండుసార్లు మెడికల్ షాపులో అడిగి సెఫిక్సిమ్ మాత్రలు మాత్రం వేసుకున్నారు. మరి వాడని మందుకి రెసిస్టెన్స్ ఎక్కడిదంటే డాక్టరుగారు నిలబడే “ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి వెళ్తుందండీ” అని చెప్పి వెళ్లిపోయారు. ఎలా వెళ్తుంది? మీ అబ్బాయి పుస్తకంలో మగ బ్యాక్టీరియా, ఆడ బ్యాక్టీరియా అని ఉంది, నిజమేనా? ఇంట్లో పిల్లలకి ప్రమాదమా?

నేను చెన్నై ఆస్పత్రుల మైక్రోబయాలజీ ల్యాబుల్లో 22 ఏళ్లుగా పని చేస్తున్నాను. మాదీ నెల్లూరు జిల్లానే. ఏ మందు వేయాలన్నది అమ్మగారిని చూస్తున్న డాక్టరు చెప్పాలి. క్రిమి సంగతి నేను చెప్తాను.

అమ్మగారి ఒంట్లో ఆ క్రిమి మెరోపెనెమ్‌ని తట్టుకోవడం నేర్చుకోలేదు. నేర్చుకున్నది ఇంకెక్కడో, ఇంకేదో క్రిమి. ఆ విద్య ఈ క్రిమికి తయారు సరుకుగా చేతికందింది. మన ఊళ్లో పక్కింటివాళ్ల దగ్గర కాగితం, ప్రామిసరీ నోటు లేకుండా తీసుకునే చేబదులు ఉంటుంది చూడండి, అలాంటిది. తేడా ఏంటంటే దీన్ని తిరిగి ఇవ్వక్కర్లేదు, ఇచ్చినవాడికీ తరగదు.

బ్యాక్టీరియాకి బతకడానికి కావలసిన జన్యువులన్నీ ఒక పెద్ద డీఎన్ఏ వలయంలో ఉంటాయి. ఈ.కోలి అనే మామూలు పేగు క్రిమిని తీసుకుంటే అందులో సుమారు 46 లక్షల అక్షరాలు. ఇది కాక కొన్ని బ్యాక్టీరియాల్లో విడిగా చిన్న వలయాలు ఉంటాయి. వాటినే ప్లాస్మిడ్ అంటాం. అవి లేకపోయినా క్రిమి బతుకుతుంది. పుట్టుకతో వచ్చిన శరీరంలాంటిది పెద్ద వలయం, మెడలో కట్టుకున్న తాయెత్తులాంటిది ప్లాస్మిడ్. అమ్మగారి రిపోర్టులోని ఎన్‌డీఎం జన్యువు సాధారణంగా ఇలాంటి తాయెత్తులోనే ఉంటుంది. అది తయారుచేసే ఎంజైమ్ పెన్సిలిన్ మొదలు మెరోపెనెమ్ దాకా ఆ కుటుంబంలోని మందులన్నిట్లో ఉండే ఒక ఉంగరంలాంటి భాగాన్ని విరిచేస్తుంది. ఒకటి రెండు మినహాయింపులు తప్ప.

ఇప్పుడు ఈ తాయెత్తు చేతులు మారడం. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్ని సంయుగ్మం అంటారు. ల్యాబులో మేమంతా కాంజుగేషన్ అనే అంటాం. క్రిములు జన్యువులు సంపాదించుకోవడానికి ఇంకో రెండు దారులున్నాయి. చచ్చిన క్రిమి నుంచి బయటపడ్డ డీఎన్ఏని పీల్చుకోవడం ఒకటి, వైరస్ మోసుకురావడం రెండోది. ఆస్పత్రుల్లో మమ్మల్ని ఏడిపించే వాటిలో మాత్రం ఎక్కువ వాటా కాంజుగేషన్‌దే. ఇందులో రెండు కణాలు ఒకదాన్నొకటి తాకాలి. ఆ తాకడమే మొత్తం కథ.

ప్లాస్మిడ్ ఉన్న కణం ఒంటిమీద నుంచి సన్నటి పోగు ఒకటి బయటికి పెరుగుతుంది. పేరు పైలస్. మందం 8 నానోమీటర్ల లెక్కన ఉంటుంది, పొడవు మాత్రం కొన్నిసార్లు ఆ కణం పొడవుకి ఎన్నో రెట్లు. చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఆ పోగు చాచుకుంటుంది. దాని కొసకి పక్క కణం తగిలిందా, పేర్చిన ముక్కల్ని మళ్లీ విప్పుకుంటూ వెనక్కి ముడుచుకుంటుంది. గాలం వేసి చేపని లాగినట్టు, పక్క కణాన్ని దగ్గరికి లాక్కుంటుంది. రెండు కణాల పైపొరలు అతుక్కుంటాయి.

పుస్తకాల్లో బొమ్మ చూస్తే రెండు కణాల మధ్య పొడవాటి గొట్టం, అందులోంచి డీఎన్ఏ పోతున్నట్టు వేస్తారు. దీని మీద చాలాకాలం వాదనలు నడిచాయి. పైలస్ ముఖ్యంగా లాగడానికి, అసలు బదిలీ కణాలు అతుక్కున్నాక అనేది ఎక్కువమంది ఒప్పుకున్న మాట. అతుక్కోకుండానే, చాచిన పైలస్ ద్వారా డీఎన్ఏ వెళ్లడం కూడా మైక్రోస్కోపు కింద చూశారు. కాబట్టి బొమ్మ పూర్తిగా తప్పనలేం, మామూలుగా జరిగేది మాత్రం అది కాదు.

అతుక్కున్నాక జరిగేదే నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా ముచ్చటేసే భాగం. డీఎన్ఏ రెండు పేటల తాడు కదా. రిలాక్సేజ్ అనే ప్రోటీన్ ఒకటి వచ్చి, ప్లాస్మిడ్‌లో నిర్ణయించి ఉన్న ఒకే ఒక్క చోట, రెండు పేటల్లో ఒక్క పేటని మాత్రం తెంపుతుంది. తెంపి వదిలెయ్యదు. ఆ కొసని తన ఒంటికే అతికించుకుంటుంది. ఇక సూది ముందు, దాని వెనకే దారం అన్నట్టు ఆ ప్రోటీన్ ముందు నడుస్తుంటే దాని వెంట ఒంటిపేట డీఎన్ఏ పక్క కణంలోకి జారుతుంది. దారిలో రెండు కణాల పొరల్నీ దాటించేది ఒక పెద్ద ప్రోటీన్ యంత్రం, టైప్ 4 సెక్రెషన్ సిస్టమ్ అంటారు. ఒక పేట వెళ్తుంటే ఇచ్చే కణం తన దగ్గర మిగిలిన పేటకి జోడు అల్లుకుంటుంది. పుచ్చుకున్న కణం వచ్చిన పేటకి తన వైపు జోడు అల్లుకుంటుంది. మొదటి కొస, చివరి కొస కలిపి మళ్లీ వలయం ముడివేసే పని కూడా ఆ రిలాక్సేజ్‌దే. పని అయ్యేసరికి రెండు కణాల దగ్గరా రెండు పేటల పూర్తి ప్లాస్మిడ్ ఉంటుంది. దీపంతో దీపం వెలిగించినట్టే.

ఎంతసేపు? ఈ.కోలిలో ఎఫ్ అనే ప్లాస్మిడ్ సుమారు లక్ష అక్షరాలు. అవి దాటడానికి రెండు నిమిషాల లెక్క. ఫిల్టర్‌లో కాఫీ డికాషన్ దిగేలోపు ఎన్ని చేతులు మారొచ్చో చూసుకోండి.

ఇదే యంత్రానికి దగ్గరి చుట్టాన్ని పెట్టుకుని ఆగ్రోబాక్టీరియమ్ అనే మట్టి క్రిమి మొక్కల కణాల్లోకే డీఎన్ఏ ఎక్కిస్తుంది. మన దేశంలో 2002లో అనుమతి పొందిన మొదటి బీటీ పత్తిలో జన్యువుని చేర్చింది ఈ క్రిమి సాయంతోనే. గుంటూరు, ప్రకాశం వైపు వాళ్లు ఈ పేరు వినే ఉంటారు.

మీ అబ్బాయి ప్రశ్నకి వస్తాను. ప్లాస్మిడ్ ఇచ్చేదాన్ని మగ, పుచ్చుకునేదాన్ని ఆడ అని పాతకాలంలో పేరు పెట్టారు. నాకైతే ఆ పేర్లు నచ్చవు. ఎందుకంటే ప్లాస్మిడ్ పుచ్చుకున్న కొంతసేపటికి ఆ ‘ఆడ’ కణానికి కూడా పైలస్ మొలవడం మొదలవుతుంది, అది ఇంకోదానికి ఇస్తుంది. అంటే మగతనం అంటువ్యాధన్నమాట! పైగా ఇందులో పిల్లలు పుట్టరు, రెండు కణాలు కలిసి రెండే మిగులుతాయి. ఇచ్చేది, పుచ్చుకునేది అనుకుంటే చాలు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి, మార్కులు పోగొట్టుకోవడం ఎందుకు.

ఇదంతా ఎలా కనిపెట్టారో చెప్తే మీ అబ్బాయికి ఇంకా ఉపయోగం. 1946లో అమెరికాలో జాషువా లెడర్‌బర్గ్ అనే 21 ఏళ్ల కుర్రాడు, ఎడ్వర్డ్ టాటమ్ కలిసి రెండు అవిటి ఈ.కోలిల్ని తీసుకున్నారు. ఒకటి కొన్ని పోషకాలు తనంతట తయారుచేసుకోలేదు, రెండోది వేరే కొన్ని తయారుచేసుకోలేదు. క్రిముల్ని పెంచే ప్లేటు ఉంటుంది, ఆ పోషకాలేవీ లేని అలాంటి ప్లేటు మీద విడివిడిగా వేస్తే రెండూ పెరగవు. కలిపి వేస్తే సుమారు కోటికొక కణం పెరిగింది. ఒకదానికి లేనిది ఇంకోటి ఇచ్చిందన్నమాట. లెడర్‌బర్గ్‌కి అదృష్టం కూడా కలిసొచ్చింది. టాటమ్ ల్యాబులో వాడుతున్న కె-12 రకంలో ఎఫ్ ప్లాస్మిడ్ ఉంది. వేరే ఏదో రకం తీసుకుని ఉంటే ప్లేటు ఖాళీగానే ఉండేదేమో.

తాకితేనే జరుగుతుందా, లేక ఒకటి వదిలిన పదార్థాన్ని ఇంకోటి పీల్చుకుందా? 1950లో బెర్నార్డ్ డేవిస్ ‘యు’ ఆకారం గొట్టం తీసుకుని, అడుగున మధ్యలో క్రిములు దాటలేని సన్న వడపోత పెట్టాడు. అటొక రకం, ఇటొక రకం పోసి, నీళ్లు మాత్రం అటూ ఇటూ ఆడేలా చేశాడు. ఒక్కటీ మారలేదు. ఆ తర్వాత విలియం హేస్ స్ట్రెప్టోమైసిన్‌తో ఒక వైపు క్రిముల్ని చంపి చూశాడు. ఒక రకాన్ని చంపినా పని జరిగింది, రెండో రకాన్ని చంపితే జరగలేదు. ఇచ్చేది ఇచ్చేసి చచ్చిపోయినా ఫర్వాలేదు, పుచ్చుకునేది బతికుండాలి. బదిలీ ఒకవైపే నడుస్తుందని అలా తేలింది.

పారిస్‌లో వోల్మన్, జాకబ్ చేసింది ఇంకా తమాషా. అప్పుడప్పుడు ఎఫ్ ప్లాస్మిడ్ వెళ్లి పెద్ద వలయంలో కలిసిపోతుంది. అలాంటి కణం బదిలీ మొదలుపెడితే దారం వెంట పెద్ద వలయం కూడా లాక్కుంటూ పోతుంది. వీళ్లు కలిపిన క్రిముల్ని కొన్ని నిమిషాలకోసారి తీసి, వంటింట్లో వాడే లాంటి బ్లెండర్‌లో వేసి గిర్రున తిప్పారు. అతుక్కున్న జంటలు విడిపోయేవి, అప్పటికి ఎంత దాటితే అంతే. ఏ జన్యువు ఎన్నో నిమిషంలో దాటిందో రాసుకుంటూ పోతే వలయంలో జన్యువుల వరస బయటపడింది. మొత్తం దాటడానికి 100 నిమిషాలు. ఈ.కోలి జన్యు పటాన్ని ఆ తర్వాత చాలాకాలం నిమిషాల్లోనే కొలిచారు. మద్రాసు సెంట్రల్ నుంచి గూడూరు ఎంత దూరమంటే రెండు గంటలు అంటాం కదా, అలా.

ఆ బ్లెండర్ పాఠం నేను నా చేత్తోనే నేర్చుకున్నాను, తెలివితక్కువగా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పేషెంటు క్లెబ్సియెల్లా దగ్గరున్న రెసిస్టెన్స్ చేతులు మారేదా కాదా చూడమన్నారు. పద్ధతి ఇదీ: ఆ క్లెబ్సియెల్లాని, సోడియం అజైడ్ అనే విషాన్ని తట్టుకునే ల్యాబు ఈ.కోలితో కలిపి ఉంచాలి. తర్వాత అజైడ్, సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ రెండూ కలిపిన ప్లేటు మీద వేయాలి. అజైడ్‌కి క్లెబ్సియెల్లా చస్తుంది. సెఫోటాక్సిమ్‌కి ఈ.కోలి చస్తుంది. ప్లాస్మిడ్ పుచ్చుకున్న ఈ.కోలి ఒక్కటే రెంటినీ తట్టుకుని కంటికి కనిపించే చుక్కలా పెరుగుతుంది, దాన్నే కాలనీ అంటాం. నేను రెంటినీ ట్యూబులో కలిపి, రోజూ చేసే అలవాటు కొద్దీ షేకర్‌లో పెట్టి, నిమిషానికి 200 తిరుగుళ్లు పెట్టి ఇంటికి పోయాను. మర్నాడు ప్లేటు మీద ఒక్క చుక్క లేదు. రెండోసారీ అంతే. చేతులు మారేది కాదు అని రిపోర్టు రాయబోతుంటే మా సీనియర్ మేడమ్ వచ్చి చూశారు. ఆవిడ తమిళావిడే, మాతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు వచ్చేసింది. “పాలకి తోడు వేసి, రాత్రంతా గిన్నె ఊపుతూ కూర్చుంటే పెరుగు తోడుకుంటుందా?” అన్నారు.

సిగ్గేసింది. మూడోసారి రెంటినీ కలిపి ప్లేటు మీదే చిన్న మచ్చలా వేసి, కదపకుండా 37 డిగ్రీల్లో వదిలేశాను. మర్నాడు ఆ మచ్చని గీకి, అజైడ్ ప్లేటు మీద పరిచి, మళ్లీ ఒక రాత్రి ఆగాను. పొద్దున్న చూస్తే గులాబీరంగు కాలనీలు, లెక్కపెడితే 41. కొన్ని ప్లాస్మిడ్‌ల పైలస్ పొడుగ్గా, మెత్తగా వంగేలా ఉంటుంది, అవి ద్రవంలో కూడా బాగానే దాటుతాయి. కొన్నిటిది పొట్టిగా, బిరుసుగా ఉంటుంది. అలాంటివి గట్టి ఉపరితలం మీద కదలకుండా పక్కపక్కన ఉంటేనే బాగా దాటుతాయి. నా చేతిలో పడింది ఆ రెండో రకం.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఆ తర్వాతి ప్లేటులో ఉంది. ఆ 41లో ఒక ఈ.కోలిని తీసి, మందు బిళ్లలు పెట్టే ప్లేటు మీద పరిచాను. మందు పని చేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగక ఖాళీ మిగులుతుంది. సెఫోటాక్సిమ్ బిళ్ల చుట్టూ ఖాళీ ఉండదని తెలిసిందే, దాంతోనే కదా ఏరాం. జెంటామైసిన్ బిళ్ల చుట్టూ కూడా ఖాళీ లేదు. కోట్రైమోక్సజోల్ చుట్టూ లేదు. నిన్నటిదాకా ఇదే ఈ.కోలి ఆ మందుల ముందు నిలబడలేకపోయేది. ఆ మందుల్ని అది ఎన్నడూ చూడలేదు, నేను చూపించలేదు. ఒక్క రాత్రిలో, ఒక్క తాయెత్తుతో, మూడు రకాల మందులకి రెసిస్టెన్స్ కట్టగట్టుకుని వచ్చేసింది.

అమ్మగారి విషయంలోనూ ఇలాంటిదే జరిగి ఉండాలి. ఎన్‌డీఎం ఎంజైమ్ మెరోపెనెమ్‌నే కాదు, సెఫిక్సిమ్‌నీ విరుస్తుంది. పేగుల్లో ఎక్కడో కొద్దిపాటి క్రిముల దగ్గర ఈ ప్లాస్మిడ్ ఉందనుకోండి. సెఫిక్సిమ్ వేసుకున్నప్పుడు చుట్టుపక్కల మంచి క్రిములు చచ్చి, ఇవి మిగిలి, ఆ ఖాళీలో పెరుగుతాయి. మెరోపెనెమ్ వాడకుండానే మెరోపెనెమ్‌ని తట్టుకునే క్రిమికి చోటు దొరికింది. మందు చూసి క్రిమి భయపడి తాయెత్తు కట్టించుకుందని చాలామంది అనుకుంటారు, అలా కాదు. కట్టుకున్నవి ముందే ఉన్నాయి. మందు వచ్చి మిగతావాటిని తుడిచేసింది. సెఫిక్సిమ్ వల్లే జరిగిందని నేను తేల్చి చెప్పడం లేదు, ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, కాథెటర్ (మూత్రం పోయే గొట్టం) పెట్టినప్పుడు కూడా ఈ క్రిమి నేరుగా అంటి ఉండొచ్చు. కానీ “వాడని మందుకి ఎలా?” అన్నదానికి లెక్క ఇలా కుదురుతుంది.

ఒక క్రిమి మనిషి నుంచి మనిషికి పాకడం వేరు, జన్యువు క్రిమి నుంచి క్రిమికి దూకడం వేరు. ఈ తేడా చెన్నైలోనే చక్కగా కనిపించింది. ఎన్‌డీఎం-1 (ఎన్, డీ అంటే న్యూ ఢిల్లీ) అనే జన్యువుని మొదట 2008లో, ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన ఒక భారతీయ సంతతి వ్యక్తిలో పట్టుకున్నారు. 2010లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మద్రాసు యూనివర్సిటీ వాళ్లూ ఉన్నారు. చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37 శాంపిళ్లలో అది కనిపించింది. హర్యానా క్లెబ్సియెల్లాలన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి, వాటి ప్లాస్మిడ్ చేతులు మారలేదు. చెన్నైవి అలా కాదు. ఒకదానికొకటి సంబంధం లేని రకాలు, ప్లాస్మిడ్ మాత్రం తేలిగ్గా చేతులు మారేది. అక్కడ క్రిమి పాకింది, ఇక్కడ తాయెత్తు తిరిగింది. పేరులో ఢిల్లీ ఉందని అప్పట్లో దేశమంతా గొడవ చేశారు. ఆ కోపంలో సగం మురుగు కాలవల మీద చూపించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

మురుగు అని ఊరికే అనలేదు. 2011లో ఢిల్లీ నీళ్లు పరీక్షిస్తే, వీధుల్లో నిలిచిన నీళ్లు, కారిన నీళ్లు 171 శాంపిళ్లలో 51 చోట్ల, కుళాయి నీళ్లు 50లో 2 చోట్ల ఈ జన్యువు దొరికింది. ప్లాస్మిడ్ బదిలీ 25 డిగ్రీల్లో కన్నా, 37 డిగ్రీల్లో కన్నా, 30 డిగ్రీల దగ్గర ఎక్కువగా జరిగింది. చెన్నైలో ఏడాదిలో ఎన్ని నెలలు 30 డిగ్రీలు ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

మందు మానేస్తే తాయెత్తు జారిపోతుందా అని మీరు అడగలేదు గానీ, తర్వాత అడుగుతారు. ప్లాస్మిడ్ మోయడం క్రిమికి బరువే, కాబట్టి కొన్నిసార్లు కాలక్రమంలో పోతుంది. కానీ చాలా ప్లాస్మిడ్‌లు ఒక మాయోపాయం పెట్టుకుంటాయి. ఒక విషం, దానికి విరుగుడు, రెండూ ప్లాస్మిడే తయారుచేయిస్తుంది. విషం చాలాసేపు నిలుస్తుంది, విరుగుడు త్వరగా చెడిపోతుంది. కణం రెండుగా చీలినప్పుడు ఒక పిల్లకి ప్లాస్మిడ్ రాలేదనుకోండి, లోపల మిగిలిన విరుగుడు అయిపోతుంది, విషం మిగులుతుంది, ఆ పిల్ల చస్తుంది లేదా పెరగడం ఆగిపోతుంది. అందుకే పేగుల్లో ఇది నెలల తరబడి ఉండిపోవచ్చు. తుడిచేయడానికి ఇంకో యాంటీబయాటిక్ కోర్సు వేసుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇక మీరు చేయాల్సింది. అమ్మగారికి జ్వరం, మంట, నొప్పి ఉన్నాయా లేదా అన్నది డాక్టరుకి స్పష్టంగా చెప్పండి. అవేవీ లేకుండా మూత్రంలో క్రిమి కనిపించినంత మాత్రాన చాలాసార్లు మందే వేయరు. మందు అవసరమైనా, ‘ఆర్’లు చూసి టెన్షన్ పడకండి. అజ్‌ట్రియోనామ్ అనే మందుని ఎన్‌డీఎం విరవలేదు. ఈ క్రిముల్లో దాన్ని విరిచే వేరే ఎంజైమ్ తరచు ఉంటుంది కాబట్టి అవిబాక్టమ్ అనే తోడు కలిపి ఇస్తారు. ఏది సరిపోతుందో ల్యాబు, డాక్టరు కలిసి చూసుకుంటారు.

పిల్లల్ని ఆవిడ దగ్గరికి వెళ్లనివ్వకుండా ఆపొద్దు. కంచం, గ్లాసు వేరు పెట్టొద్దు, ఆవిడ మనసు నొచ్చుకోవడం తప్ప లాభం లేదు. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, కాథెటర్ సంచి ముట్టుకున్నాక, అన్నం వండే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, ఇంట్లో అందరూ. సెఫిక్సిమ్ అట్ట మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉంటుంది, చూసే ఉంటారు. 2014 నుంచి ఆ జాబితాలో ఉన్న మందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో రాయాలి. షాపతను తెలిసినవాడైనా సరే, ఇంక అడక్కండి.

ఈ కల్చర్ రిపోర్టుని మాత్రం పారేయొద్దు, ఫోన్‌లో ఫొటో తీసుకున్నా కాగితం ఉంచండి. ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టి, ఈసారి నెల్లూరులో చూపించినా, ఇక్కడ అడ్మిట్ చేసినా, బెడ్ ఇవ్వకముందే నర్సుకి చూపించండి. పక్క బెడ్ పేషెంటుకి అంటకుండా వాళ్లు చేయాల్సినవి వాళ్లకి తెలుసు, కానీ చెప్తేనే చేస్తారు.